కాలవ నడుమ బరి

మరిడమ్మ అని ఒక పిల్ల, దింపు తీసే గంగరాజు కూతురు. దింపంటే తెలుసుగా, కొబ్బరి చెట్టెక్కి గెలలు దింపడం. ఈ పిల్ల చెడుగుడు కూతకెళ్లిందంటే నలుగురు పట్టుకున్నా గీత దాటొచ్చేసేదంట, అలాంటి ఊపిరనుకో. ఏమైందంటే, ఆ ఏడు పద్దెనిమిదేళ్ల లోపు ఆడపిల్లలకి చెడుగుడు పోటీ పెట్టమని జిల్లా నుంచి కబురొచ్చింది. బాగా ఆడినోళ్లని జిల్లా జట్టులోకి తీసుకుంటారంట. మరిడమ్మకి జూన్ పదో తారీకుతో పద్దెనిమిది నిండుతాయి. ఇది తప్పితే ఇంక లేదు. ఎక్కడ, ఎప్పుడు అన్నది మీ రెండూళ్ల పెద్దలు కూకుని తేల్చండన్నారు. అదే కొంప ముంచింది.

రెండూళ్లంటే కాలవకి అటొకటి ఇటొకటి. తూర్పు గట్టుకి పల్లాలరావు పెద్ద, పడమటి గట్టుకి సూరపరాజు పెద్ద. పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడు కూత పెట్టినోళ్లు కాదు, ఈళ్లు చెడుగుడుకి పెద్దలంట! మా బడి దొడ్లో పెట్టాలని ఈయన, మా కళ్లంలో పెట్టాలని ఆయన. మీ ఊరొస్తే మా పరువేంగాను అని ఈయన, మేమొస్తే మీరు పొంగిపోరూ అని ఆయన. టీలు తాగారు, పకోడీలు తిన్నారు, మళ్లీ టీలు తాగారు. నెల గడిచింది. ఆఖరికి ఒక మహానుభావుడు, ఎవరూ ఎవరూరికీ ఎల్లొద్దు, సరిగ్గా మధ్యలో పెడదాం అన్నాడంట. అబ్బ, ఏం బుర్రరా! గంగరాజు గెలలు దించే తాడు పట్టుకొచ్చి, ఈ బడి గుమ్మం నుంచి ఆ బడి గుమ్మం దాకా కొలిచారు. మధ్య ఎక్కడ తేలిందంటే, కాలవలో. ఎండాకాలం కదా, లాకులు కట్టేశారు, కాలవ అడుగు బీటలు తీసుంది. ఇంకేం, బరి కుదిరిపోయింది. తారీకుకి పంచాంగం తీశారు. ఈయనకి మంగళవారం పడదు, ఆయనకి అష్టమి పడదు. ఇద్దరికీ పడింది పదో తారీకు.

మరిడమ్మ ఎల్లి ఆళ్ల ముందు నిలబడిందంట. "బాబయ్యా, లాకుల కాడ కాయితం అంటించారు, పదో తారీకునే నీళ్లు వదులుతారంట. నాకూ ఆ రోజుతో ఏళ్లు నిండిపోతాయి. రెండ్రోజులు ముందే పెట్టండి, ఎక్కడైనా ఆడతాం" అంది. పల్లాలరావు నవ్వాడు. "లాకులోళ్లు ఏనాడు చెప్పిన రోజుకి వదిలారే? నీ ఒక్కదాని కోసం ముహూర్తం మారుస్తామా?" అన్నాడు. సూరపరాజు అవునవునని తలూపాడు. నెలరోజుల్లో ఆ ఇద్దరూ ఒక్క మాట మీదకొచ్చింది అప్పుడే, చూసుకో. సిగ్గుండాలి! ఆ పిల్ల ఇంటికొచ్చి కుమిలి కుమిలి ఏడ్చిందంట. నాకైతే ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుద్ది.

ఏడ్చి ఊరుకుందా? లేదు. రెండు గట్ల ఆడపిల్లల్నీ పోగేసింది. పెద్దాళ్లకి పడదు గానీ పిల్లలు రోజూ కలిసి ఆడేవోళ్లేగా. జిల్లా జట్టుని ఏరే ఆటల మాస్టారికి ఫోన్ చేసింది. ఆయన, నాకు కావాల్సింది ఆడేవాళ్లమ్మా, పంచాంగం కాదు అని, ఎనిమిదో తారీకు పొద్దున్నే బస్సు దిగాడు. కొబ్బరి డొక్కలు, అదే పీచు తొక్కలు, ఎండేసే దొడ్లో సున్నంతో గీతలు గీసుకుని ఆడేశారు. మరిడమ్మ పేరు జిల్లా జట్టుకి రాసుకుని ఆయన ఎల్లిపోయాడు. మరి పెద్దలకి తెలీలేదా అంటావు. ఆళ్లకి తీరికేదీ? కాలవలో షామియానా ఎవరి గట్టు వైపు తిప్పాలని కొట్టుకుంటన్నారు.

పదో తారీకు రానే వచ్చింది. ఇద్దరూ జరీ కండువాలేసుకుని కాలవ నడుమ కుర్చీల్లో కూకున్నారు. ఆడేవోళ్లు ఒక్కళ్లూ లేరు. ఇంతలో పైనుంచి బురద నీళ్లు నురగలు కక్కుకుంటా వచ్చేసాయి. చెప్పిన రోజుకే వదిలారు, అదేం ఖర్మో! షామియానా కూలింది. అయినా ఎవరు ముందు లేస్తే ఆళ్లు ఓడినట్టని, మొలలోతు వచ్చేదాకా ఇద్దరూ కుర్చీ వదల్లేదంట. అప్పుడు గట్టు మీంచి మరిడమ్మ, ఆళ్లు కొలిచిన ఆ తాడే విసిరింది. "పట్టుకోండి బాబయ్యా. ఊపిరి మాత్రం వదలకండి, గీత ఇంకా దూరముంది" అంది.

ఆ పిల్ల జిల్లాకి ఆడింది. మరి ఈ ఇద్దరూ? మళ్లీ ఏడు పోటీకి అప్పుడే కూకున్నారు. కాలవలో వద్దంట, మధ్యలోనే కావాలంట, అందుకని వంతెన మీద పెడదామంటన్నారంట. పొడుగ్గానా, అడ్డంగానా అన్నది ఇంకా తేల్లేదు. అది తేలేసరికి ఆడాల్సిన పిల్లలకి మనవలు పుడతారు.