వెనక తలుపు

పరుపుల ఫ్యాక్టరీ పైగదిలో, అద్దం వెనక నిలబడి మేనేజరూ, నిప్పంటుకుంటే ఎలా బయటపడాలో పనివాళ్లకి శిక్షణ ఇచ్చిన మేడమూ కింద వాళ్లు పనిచేయడం చూస్తున్నారు.

"మీ శిక్షణ వాళ్లకి ఒంటబట్టిందని ఏంటి నమ్మకం మేడమ్? బాగుందని అందరూ రాసిచ్చార్లెండి."

"రాతలు నేనూ నమ్మను సార్. సాయంత్రం చెప్పాపెట్టకుండా సైరన్ మోగించండి, తెలిసిపోతుంది. కళ్లకు గంతలు కట్టి మరీ నేర్పాను. ఎంత పొగలోనైనా గోడ తడుముకుంటూ వెనక తలుపు దగ్గరికే పోతారు."

"ముందు తలుపు దగ్గరికి?"

"చచ్చినా పోరు. దాని పక్కనే కదా స్పాంజి గోదాం, ముందు అంటుకునేది అదే!"

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సరుకు మాయమవుతోందని పోయిన వారమే వెనక తలుపుకి బయటినుంచి తాళం వేయించాను."

ఆమె చప్పున ఆయన వైపు తిరిగింది.

"వాళ్లకి చెప్పారా?"

"చెబుదామనే అనుకుంటున్నా..."

అంతలో సైరన్ మోగింది. కింద అందరూ చేతిలో పని వదిలేసి, తోసుకోకుండా, గోడ పట్టుకుని వరసగా వెనక తలుపు వైపు కదిలారు. అచ్చం ఆమె నేర్పినట్టే.

"ఇప్పుడే ఎందుకు మోగించమన్నారు సార్?"

"నేను మోగించమనలేదు మేడమ్! మైకులో పిలవండి, మీ మాటైతే వింటారు!"

ఆమె చేయి మైకు దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఎవరు పిలిచినా వెనక్కి తిరగొద్దని నేర్పాను సార్. నేను పిలిచినా సరే."