కిందికి దిగని ఆర్లిస్ డిస్కు

అయోవాలోని ఆ చిన్న ఊరి పార్కులో, పూడిక తీయడానికి చెరువు నీళ్లు తోడేసిన శనివారం, పొద్దుటి నుంచీ ముసురే. పళ్లేల్లాంటి డిస్కులు విసిరి గొలుసుల బుట్టల్లో పడేసే ఆటగాళ్లంతా ఆట ఆపేసి రేకుల షెడ్డు కింద, ఉడుకుతున్న మాంసం, చిక్కుడు గింజల చిల్లీ గిన్నె చుట్టూ చేరారు. కథలల్లే వెర్లిన్‌కి ఇంతకంటే ఏం కావాలి?

'తండ్రీ, ఇవాళ బావ ఏడో బుట్ట కథ ఎత్తకుండా చూడు' అని అతని మరదలు లోనా మనసులోనే వేడుకుంది.

ఎత్తనే ఎత్తాడు.

"ఏడో బుట్ట చెరువుకి అవతలుందా? నిరుడు, మా ఆవిడ ఆర్లిస్‌ని మట్టిలో పెట్టి వచ్చిన సాయంత్రం, దాని డిస్కు తీసుకుని విసిరాను. ఎదురుగాలి. అయినా అవతలి గట్టు దాటింది. పెద్ద గొప్పేం కాదులే."

"అంతేనా?" అన్నాడు డ్వేన్, చిల్లీ వడ్డించుకుంటూ.

"అంతే ఎందుకవుతుందిరా! గట్టు దాటాక పైకి లేచింది. నీళ్ల ట్యాంకుని ఓ చుట్టు చుట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దక్షిణానికి పోతున్న అడవి బాతులు దారి మార్చుకుని దీని వెనకాల పడ్డాయి. ముందున్న ముసలి బాతు నాకేసి చూసి తలూపింది కూడా!"

"కళ్లజోడు లేకపోతే నీ గిన్నెలో చెంచా నీకు కనబడదు, బాతు తలూపడం కనబడిందా?" అన్నాడు డ్వేన్.

అందరూ నవ్వారు.

"ఆ సాయంత్రం నాకు అన్నీ కనబడ్డాయి" అన్నాడు వెర్లిన్. "మిసిసిపీ నది దాటింది. ఎదురొచ్చిన విమానం పక్కకి తప్పుకుంది. ఇప్పటికీ వాన తడి తగలకుండా మబ్బుల పైన తిరుగుతూనే ఉంది. చందమామ మీద ఆ మచ్చ ఏమిటనుకున్నారు? దాని నీడే!"

లోనా తల వంచుకుంది. ఆ సాయంత్రం తనూ బావ పక్కనే ఉంది. విసరగానే బావ కళ్లు మూసుకున్నాడు. డిస్కు నీళ్లలో పడిన చప్పుడు తను వింది. అక్క ఇంకా పైనెక్కడో ఉందని నమ్మి ఈ మనిషి పూట గడుపుతున్నాడు, తనెందుకు చెప్పాలి?

అప్పుడే ఎండిన చెరువులోంచి రాయిస్ వచ్చాడు, మోకాళ్ల దాకా బురదతో, చేతిలో బకెట్టు నిండా డిస్కులతో. ఊరికి కొత్తవాడు, ఈ కథలేవీ ఎరగడు. డిస్కు దొరికితే వెనక రాసున్న నంబరుకి ఫోను చెయ్యడం ఆటగాళ్ల ఆనవాయితీ. నారింజ రంగుది ఒకటి తుడిచాడు. పేరు చెరిగిపోయింది, నంబరు మిగిలింది. వీళ్లకి వీపు పెట్టి ఫోను కలిపాడు.

వెర్లిన్ కోటు జేబులో ఫోను పిట్టలా కూసింది.

అక్క ఫోను! లోనా ఆ కూతని గుర్తుపట్టింది. ఇన్నాళ్లూ దాన్ని బతికించే ఉంచాడా?

వెర్లిన్ దాన్ని తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"మీ డిస్కు దొరికిందండీ" అంటున్నాడు రాయిస్. "దూరమేం పోలేదు, విసిరే చోటికి దిగువనే, బురదలో ఉంది. మీరెప్పుడొస్తారు?"

"ఆవిడ రాదు బాబూ."

రెండు చెవుల్లోనూ ఒకే గొంతు వినబడి రాయిస్ వెనక్కి తిరిగాడు. ఎవరూ నవ్వలేదు. లోనా లేచి డిస్కు అందుకుంది, తన శాలువా చెంగుతో తుడిచింది, బావ ఒళ్లో పెట్టింది.

"ఇది నీళ్లలో పడ్డం నువ్వు చూశావా లోనా?"

"విన్నాను బావా."

రేకుల మీద వాన కురుస్తూనే ఉంది. డ్వేన్, మెల్లగా, "ఆ తర్వాత ఏమైంది వెర్లిన్?" అన్నాడు.

వెర్లిన్ డిస్కు అంచు చుట్టూ బొటనవేలు తిప్పాడు.

"దిగింది" అన్నాడు.