చేతిలో సూది ఉండగా పలకని డాక్టరమ్మగారు

“సూది నరంలోకి పోతే చూపు పోతుందటగా డాక్టరమ్మా?”

1998 జూన్ ఒకటో తేదీన మన చర్మవైద్యశాలలో బాధ్యతలు స్వీకరించి, నేడు పదవీ విరమణ చేస్తున్న పెద్ద డాక్టరమ్మగారిని, వారి గది తలుపు దగ్గర రోగుల పేర్లు పిలిచే నేను అడిగిన భయాలలో ఇది ఒకటి. అందుకే వారు నాకు దిగులమ్మ అని పేరు పెట్టారు.

వచ్చిన కొత్తలో వారు గజ్జికీ తామరకూ మందులు రాసేవారు. తరువాత, వయసుతో జారిన బుగ్గలనూ మూతి పక్కన పడిన ముడతలనూ జెల్లు సూదితో పూడ్చే ఫిల్లర్ల వైద్యం నేర్చి, అందులో విశేష కీర్తి గడించారు. అయితే వారు చేసినవాటికంటే వద్దన్నవే ఎక్కువ. ఎల్లుండి కొడుకు పెళ్ళి అంటూ వచ్చిన ఒక పెద్దమనిషితో, “వాపు తగ్గొద్దూ? ఫోటోల్లో పెళ్ళికొడుకుకంటే మీ బుగ్గలే ముందు పడతాయి” అని నవ్విస్తూనే సాగనంపారు.

జెల్లును కరిగించే మందు పక్కన లేనిదే వారు సూది పట్టరు. పట్టాక పలకరు.

నలభై దాటిన మా పెద్దమ్మాయి ఆ కుర్చీలో కూర్చున్ననాడు, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని, మొదట రాసిన ఆ ప్రశ్న అడిగాను. పలకలేదు. “పోతుందనేగా మాట్లాడరు?” అన్నాను. పలకలేదు. కదలకూడదు గనుక మా అమ్మాయి నన్ను కళ్ళతోనే కసిరింది. సూది కింద పెట్టి, బుగ్గ నొక్కి రంగు చూసి, మా అమ్మాయి చేత గోడమీది క్యాలెండరు చదివించి చూపు సరిచూశాక, వారు అన్నారు:

“పోవచ్చు దిగులమ్మా. చాలా అరుదు. అందుకే మాట్లాడను. నీ కూతురు బాగుంది, ముందు నువ్వు కూర్చో, తెల్లగా పాలిపోయావు.”

ఏడాది తిరిగాక ఆ జెల్లు కరిగిపోయింది. నా దిగులు కరగలేదు. కనుక వారు ఆయురారోగ్యాలతో, కంటిచూపు చెదరక, నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని కోరుకోవడంలో నా స్వార్థం కూడా కొంత ఉంది.

నిన్న చివరి రోగికి సూది వేస్తుండగా అడిగాను, “మీరెళ్ళిపోయాక భయమేస్తే ఎవర్నడగాలి?” అని. యథాప్రకారం పలకలేదు. వాడిన సూది డబ్బాలో పడింది. గ్లౌజులు ఊడాయి. చేతులు కడుక్కున్నారు, వేలూ వేలూ తుడుచుకున్నారు.

“ఫోన్ చెయ్యి. ఇక నా చేతిలో సూది ఉండదుగా, అడగ్గానే చెప్తాను.”