పులిహోర డబ్బా

కెనడాలోని ఏజాక్స్ ఊళ్ళో డాక్టర్ రామ్మోహన్ సాయంత్రం గుడి నుంచి ఇంటికొచ్చేసరికి, భార్య వైదేహి సింకు దగ్గర స్టీలు డబ్బా తోముతోంది.

"అప్పుడే ఖాళీ చేశావా? పులిహోరంతా తినేశావా?"

"ఆ... తిన్నా. పక్కింటి జ్ఞానవతి గారికి ఫోన్ చేసి చెప్పా కూడా. ఎంత బాగా కలిపారండీ, పులుపు భలే కుదిరిందీ అని."

"ఆవిడేమంది?"

"'తిన్నారు గదా అండీ, అంతే చాలు' అంది. ఏం, అలా చూస్తారేం?"

"నిజం చెప్పు వైదేహీ. తిన్నావా?"

"తిన్నానంటే... పొద్దుట్నుంచీ కడుపు బాలేదు..."

"బయట తడిచెత్త వేసే గ్రీన్ బిన్‌లో వేశావు."

"వేస్తే? మా నాయనమ్మయితే పనిమనిషి ఎల్లమ్మని వాకిట్లోనే నిలబెట్టి, దోసిట్లోకి ఎత్తి పోసేది నీళ్లు. నేనలా చేశానా? సోఫాలో కూర్చోబెడతా. మన కప్పుల్లోనే కాఫీ ఇస్తా. వంట ఒక్కటే... ఆవిడ ఏ పేట నుంచి వచ్చిందో తెలిశాక గొంతు దిగట్లేదండీ. ఏం చెయ్యను?"

"అది ఆవిడ వంట కాదు."

"మరి?"

"గుడి ప్రసాదం. ఇవాళ వడ్డన నాదేగా. చర్చికెళ్ళే మనిషి, అందరితో పాటు లైన్లో నిలబడి డబ్బా చాపింది. 'వైదేహి గారికండీ, గుడిదైతే తింటారు' అంది. నా చేత్తోనే వేశా."

"అయ్యో అయ్యో! ప్రసాదమా! ఎంత అపచారం! ముందే ఫోన్ చేసి చెప్పొద్దూ?"

"ఆవిడ వండిందైతే అపచారం కాదా?"

"అబ్బ, మీరు మరీను... అయినా నేను తిననని ఆవిడకెలా తెలుసు? మీరు చెప్పారా?"

"పోయిన నెల, రాత్రిళ్ళు చెత్త కెలికే ఆ రకూన్లు మన బిన్ పడదోశాయి, గుర్తుందా?"

"ఆ. నేను లేచేసరికి ఇంటి ముందు డ్రైవ్‌వే అంతా మీరే ఊడ్చేశారుగా."

"ఊడ్చానని చెప్పా."

"చెప్పడమేంటి? మరి ఎవరూ?"

"జ్ఞానవతి గారు. వాకింగ్‌కి వెళ్తూ చూసినట్టుంది. ఇంట్లోంచి చీపురు తెచ్చుకుంది. తనిచ్చిన గారెలు, తనిచ్చిన కూర... అన్నీ ఎత్తి మళ్ళీ మన బిన్‌లోనే వేసి మూత పెట్టింది."

"మీరు... చూశారా?"

"పైన కిటికీ దగ్గరే ఉన్నా. తలెత్తి నన్ను చూసింది వైదేహీ. నేను కర్టెన్ వేసేశా."