తోమా పుస్తె, దొర ఉంగరం

కేరళ అబ్బాయి జోబిన్‌తో ఇంద్రజ పెళ్లి ఎల్లుండే. పటాన్‌చెరులో బాలరాజ్ ఇంట్లో ఇంకా తెగని పంచాయితీ ఒక్కటే. తండ్రీ కూతుళ్లు అరుచుకుంటున్నారు. మంచం మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ బాలరాజ్ తల్లి రాజవ్వ వింటోంది.

“పుస్తె కట్టేది లేదు ఇంద్రజా. ఉంగరం, అంతే. మనం కిరస్తానపోళ్లం.”

“జోబిన్ వాళ్లు కాదా నాన్నా? కేరళల వాళ్లు రెండు వేల ఏండ్ల సంది కిరస్తానపోళ్లే. తోమా అపొస్తలుడే పడవల వచ్చి బాప్తిస్మం ఇచ్చిండంట.”

“ఆఁ, పుస్తెలు గూడ పడవల్నే తెచ్చిండంటనా?”

“ఎక్కిరియ్యకు. వాళ్ల పుస్తె మీద సిలువ ఉంటది. పెండ్లి చీరెలకెల్లి ఏడు దారాలు గుంజి, పేని, దానికెక్కిస్తరు. అది లేకుంటే పెండ్లే కాదంటున్నడు వాళ్ల నాయన.”

“అనుమను! పుస్తె అన్యుల ఆచారమని మన చర్చి కట్టిన తెల్లదొర చెప్పిండు.”

“మీ దొర ఎన్నడొచ్చిండు?”

“మా తాత జమానల.”

“తోమా పడవ దిగిన్నాడు మీ దొర ముత్తాతలు చెట్టుకూ పుట్టకూ మొక్కుతుండిరంట. జోబినే అన్నడు.”

“ఇన్నవా అవ్వా! పెండ్లి గాకముందే అల్లుడు మన దొరను తిడుతున్నడు!”

“నన్నెందుకు గుంజుతవ్ రా నడుమ?”

“నాన్నా, ఒక్కటి చెప్పు. యేసు సామి లండన్ల పుట్టిండా?”

“బెత్లహేంల.”

“గది దొరలకు తూర్పు, మనకు పడమర. మరి ఆయన ఎవలోడు?”

“ఇగ ఆపు! నాకు షిఫ్టు టైమైతుంది. దొర చెప్పంగనే మా అవ్వ పుస్తె తీసేసింది. యాబై ఏండ్లాయె. నాయినతోని కాపురం చెయ్యలేదా? చెప్పు అవ్వా!”





“తీసిన బిడ్డా. మెడలకెల్లి తీసిన.”

“ఇన్నవా ఇంద్రజా!”

“తీసి వక్కల సంచిల ఏస్కున్న. బొడ్ల చెక్కుకున్న.”

“ఏందీ! చర్చికి గూడనా?”

“చర్చికి గూడ. యేసయ్య ఎన్నడు అడగలే. దొరనే అడిగిండు.”

“నానమ్మా! ఏదీ, ఎక్కడుంది?”

“ఇగో. మీ తాత పోయిన్నాడు తెంపేటోళ్లు రాలే. ఉన్నదని ఎరుకుంటే గదా! పట్టు పిల్లా, దీనిమీద సిలువ చెక్కియ్యమను నీకు కాబోయే మామను.”

“వద్దు! అవ్వా, నాయిన లేడు గదా. గా పుస్తె పిల్ల మెడల ఏస్తరా ఎవలన్న? అపశకునం!”

“అపశకునమా? గది బైబిల్ల ఏ పేజీల చూపిచ్చిండు రా మీ దొర?”