అద్దెకుండే ఆయన

(బాబాయి ఇళ్ళు, స్థలాలు అమ్మిపెట్టే చిన్న ఆఫీసు. సాయంత్రం. ఎదురు కుర్చీలో అన్నగారి అమ్మాయి.)

"అది కాదు బాబాయ్, పూర్తిగా విను. ఉన్న ఫ్లాటు బ్యాంకులో పెడతాను. వచ్చిన డబ్బుతో రెండోది కొంటాను. దాని అద్దె దాని వాయిదాకి సరిపోతుంది. నా చేతిలోంచి రూపాయి పడదు."

"సరిపోకపోతే?"

"నువ్వేనా ఈ మాట అంటున్నది? ఈ పద్ధతి నాకు నేర్పిందే నువ్వు!"

"నేర్పాను. నేర్పాను గానీ... స్థలం చూడరాదూ? ఊరి చివర, చిన్నది. కొని పడేస్తే దాని దారిన అది పెరుగుతుంది."

"స్థలానికి అద్దె రాదుగా. వాయిదా ఎవరు కడతారు?"

"అందుకే, లోను జోలికి పోకుండా ఉన్నంతలో..."

"ఉన్నదాంతో కంచె కూడా రాదు బాబాయ్. పోనీ, పాత ఇల్లు కొని, బాగుచేయించి అమ్మితే?"

"అమ్ముడుపోయేలోపు లాభమంతా వడ్డీ తినేస్తుంది."

"స్నేహితురాలితో చెరిసగం?"

"స్నేహం కూడా పోతుంది."

"దేనికీ సరేననవేంటి! ఇంక నా లెక్కే ఖాయం. రేపు పొద్దున బ్యాంకు ఇంజనీరు ఫ్లాటుకి వెల కట్టడానికి వస్తాడు. పద, ఈలోపు ఓసారి చూసొద్దాం. ఊరు మారాక దాని మొహమే చూడలేదు."

"ఇప్పుడా? ఇప్పుడొద్దులే. అద్దెకుండే ఆయన ఇంట్లో ఉండడు."

"ఆవిడ ఉంటుందిగా."

"ఆవిడకి ఒంట్లో బాలేదు."

"పలకరించి వచ్చేద్దాం. అంత మంచివాళ్ళని కుదిర్చావు నువ్వు! నీ చేతి మీదుగా వచ్చే అద్దె ఒక్క నెల ఆగింది లేదు, కుళాయి పాడైందని ఒక్క మాట లేదు."

"వాళ్ళు... కొత్తవాళ్ళతో కలవరమ్మా."

"ఇల్లు నాది బాబాయ్, నేను కొత్తేంటి? నీకు మొహమాటమైతే పిన్నిని వెంటబెట్టుకెళ్తాను. ముందు మీ ఇంటికే పోదాం."

"పిన్ని ఆ ఇంట్లో లేదు."

"ఎక్కడికెళ్ళింది?"

"నీ ఫ్లాట్లో ఉంది."

"అక్కడేం చేస్తోంది?"

"వంట."

"వంటేంటి? ఆవిడకి బాలేదని చేసిపెడుతోందా?"

"ఆ ఆవిడ మీ పిన్నేనమ్మా."

"...మరి మీ ఇల్లు?"

"బ్యాంకులో పెట్టి రెండోది కొన్నాను. దాన్ని పెట్టి మూడోది. రెండూ ఖాళీగా పడున్నాయి. అద్దెలు రాకపోయినా వాయిదాలు ఆగవుగా. మూడూ పోయాయి."

"నాన్నకి తెలుసా?"

"అన్నయ్యకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఉద్యోగం చేసి ఏం వెనకేశావని నలుగురిలో వెక్కిరించినవాణ్ణి."

"నాకైనా చెప్పాల్సింది. అద్దె లేకుండా ఊరికే ఉండమనేదాన్ని!"

"ఆ మాట వినలేకే చెప్పలేదు."

"ఇటు చూడు బాబాయ్. తల దించుకోకు."

"నన్నొదిలెయ్. నువ్వు మాత్రం ఆ సంతకం పెట్టకు. పెట్టనని చెప్పు."

"పెట్టను. పెట్టనులే. కానీ పోయినేడు అద్దె పెంచనా అని నిన్నే కదా అడిగాను? 'నిక్షేపంగా పెంచు, ఆయన ఇచ్చుకోగలడు' అన్నావు!"

"వద్దంటే ఎందుకని అడుగుతావుగా."

"అయ్యో బాబాయ్... పద, ముందు పిన్నిని చూడాలి. పోయినేటి నుంచీ నా ఫోను ఎత్తడం లేదు. పాపం, సిగ్గుపడుతోందేమో."

"సిగ్గు కాదమ్మా. కోపం."

"నా మీదా? నేనేం చేశాను?"

"నీకు మా సంగతంతా తెలుసని చెప్పాను. తెలిసే అద్దె పెంచావనీ, నేనెంత బతిమాలినా నువ్వు వినలేదనీ చెప్పాను."