ముందు నీళ్లు, తర్వాతే ఊరూ పేరూ

సభాధ్యక్షులైన సమితి ప్రెసిడెంటు పద్మనాభయ్య గారికి, బి.డి.ఓ. ఆనందబాబు గారికి, ఎండనపడి వచ్చిన పెద్దలకు, నాతోపాటు ఈ తీరమంతా ఇసకలో కాళ్లీడ్చిన గ్రామసేవికలకు, కుర్చీలు వద్దు, తలుపు దగ్గరే కూర్చుంటామని మొండికేసిన పల్లెపాళెం అక్కలకు, ముఖ్యసేవిక కరుణాకుమారి చివరి నమస్కారం. చివరిదంటే ఉద్యోగంలో చివరిది లెండి; ప్రభువు దయవల్ల ఇంకా చాలాకాలం మీ ప్రాణాలు తోడేస్తాను. (నవ్వులు)

ఇందాక మాట్లాడిన వాళ్లంతా నన్ను చల్లని తల్లి అన్నారు. అందులో సగంమంది నా నోటికి జడిసి వీధి మార్చి పోయినవాళ్లే. పోయేవాళ్లను పొగడటం మన ఆచారం, కాదనను. ఈ ఉక్కలో శాలువా కప్పినా కిక్కురుమనకుండా కప్పించుకున్నాను.

కానీ అదే నోటితో ప్రెసిడెంటు గారు గ్రామ రక్షణ శాంతి సంఘాన్ని కొత్తగా వేస్తున్నామంటూ పేర్లు చదివారు. విన్నాను. మీసం లేని పేరు ఒక్కటీ లేదు. (నవ్వులు) నవ్వకండి. మూడేళ్లుగా సంఘంలో ఉన్న మా పల్లెపాళెం ఆదిశేషమ్మ పేరు ఎగిరిపోయింది. నేనింకా గడప దాటనేలేదు!

ఆమె ఆ సంఘంలోకి ఎట్లా వచ్చిందో కొత్తవాళ్లకు తెలియదు. అరవై అయిదులో యుద్ధమప్పుడు తీరానికి కాపలాగా ఈ సంఘం వేశారు. ఆడవాళ్ల పేర్లు కూడా వెయ్యమని నేనడిగితే, "కాపలా మొగోళ్ల పనమ్మా, మీరు కుట్టుమిషన్లు చూసుకోండి" అన్నారు. సరే, పల్లెపాళెం మగవాళ్లను వేశారు. తెల్లారేసరికి వాళ్లెక్కడుంటారు? సముద్రంలో! తీరానికి పెట్టిన దళం దళమంతా తీరం వదిలేసి చేపలకు పోయింది. ఒడ్డున మిగిలిన ఆడవాళ్లకేమో ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇలాంటి ఏర్పాటు ఏ దేశపు సైన్యంలోనైనా ఉందేమో పెద్దలే చెప్పాలి. (నవ్వులు)

ఆ కార్తీకంలో, యుద్ధం ఆగిందన్నారు గానీ భయం ఇంకా ఆగని రోజుల్లో, ముసురు విడిచిన ఒక పొద్దున, తెరచాప చిరిగిన పడవ ఒకటి కొట్టుకొచ్చింది. నేను పాలపొడి పంచటానికి వెళ్లి అక్కడే ఉన్నాను. పడవలో ఇద్దరు, పెదాలు పగిలి, మాట పెగలనివాళ్లు. పెగిలిన ఒకటి రెండు మాటలూ మనవి కావు. గూఢచారులు దిగారని పై ఊళ్లకు కబురు పాకింది, రైతులు కర్రలు పట్టుకుని దిగారు. ముందు నడిచినవారెవరో అధ్యక్షులు అనుమతిస్తే చెబుతాను. (అధ్యక్షులు తల ఊపారు) పద్మనాభయ్య గారే. తప్పుపట్టటానికి చెప్పటం లేదయ్యా. మీ అబ్బాయి అప్పుడు సరిహద్దులో ఉన్నాడు, ఉత్తరం లేక మీ ఇంట్లో పొయ్యి కూడా సరిగా వెలగటం లేదు. మీరు కర్ర పట్టింది ఆ భయంతోనే.

పల్లెపాళెంలో ఒక ఆచారముంది. సముద్రం మీంచి వచ్చినవాడికి ముందు నీళ్లు, ఆ తర్వాతే ఊరూ పేరూ. ఆదిశేషమ్మ ఆ ఇద్దరినీ తన గుడిసెలో కూర్చోబెట్టి, ముంతతో నీళ్లిచ్చి, కోడల్ని పోలీసుల కోసం పంపించి, తను వాకిట్లో అడ్డంగా నిలబడింది. చేపలు ఆరబోస్తున్న ఆడవాళ్లంతా వచ్చి ఆమె పక్కన చేరారు.

"అడ్డం లెయ్! వాళ్లెవురో నీకు తెలుసునా?" అని గద్దించారు ఈయన.

"తెలీదయ్యా. అందుకే పోలీసోళ్లకి కబురంపినా. వొదిలేస్తానని అన్లేదే! నీ బిడ్డ మిలిటరీలో ఉండాడు గదా, ఆ బిడ్డకి దప్పికైతే యా తల్లి ముంత అందిస్తాదో! ఈళ్లని ముందు తాగనీ సామీ" అంది ఆమె.

పద్మనాభయ్య గారు కర్ర పారేసి ఇసకలో కూలబడ్డారు. పోలీసులొచ్చి విచారిస్తే వాళ్లు గాలివానకు దారితప్పిన ఒరిస్సా జాలర్లని తేలింది. తండ్రీ కొడుకులట.

దేశాన్ని కాపాడటమంటే శత్రువును పట్టుకోవటమేనని మనమంతా అనుకుంటాం. శత్రువు కానివాణ్ణి చంపకుండా ఆగటం కూడా అందులో పనే కదయ్యా! ఆ రోజు ఆదిశేషమ్మ వాళ్లను వదల్లేదు, చావనివ్వనూ లేదు. ఆ తర్వాత నేను మళ్లీ అడిగితే ఆమె పేరు సంఘంలో వేయించిందీ ఈ ప్రెసిడెంటు గారే. అందుకే ఇప్పుడు మరిచారంటే నమ్ముతాను. కానీ మరుపుకు దొరికేది ఎప్పుడూ ఆడదాని పేరే ఎందుకవుతుంది? నాకు కష్టంగా ఉంది. ఇన్నేళ్లు తిరిగి నేను సంపాదించి పెట్టింది ఆ ఒక్క చోటు.

సెలవు అడగటం పోయేవాళ్ల మర్యాద, ఇవ్వటం ఉన్నవాళ్ల చేతిలో ఉంది. ఆ పేరు చేర్చేదాకా నేనీ మైకు వదలను. అవతల పులిహోర చల్లారితే నా పూచీ లేదు. (నవ్వులు)

(అధ్యక్షులు లేచి, "ఆదిశేషమ్మా, ఇట్లా పైకి రా తల్లీ" అన్నారు. పొడిదగ్గు దగ్గుతూ పేర్ల కాగితం ముందుకు లాక్కుని కలం తీశారు.)

చాలయ్యా, నాకు ఇంతకన్నా పెద్ద శాలువా లేదు. వచ్చినవారందరికీ నా కృతజ్ఞతలు. ఆదిశేషమ్మక్కా, అయ్యగారి గొంతు తడారిపోయింది, బల్లమీద ఆ గ్లాసు అందుకో. ముందు నీళ్లియ్యి, పేరు ఆనక రాసుకుంటారు. నాకిక సెలవు.